పదిహేడో నంబరు సీడీ

2022 జూలైలో గోదావరి వచ్చినప్పుడు మా నాన్నగారు చేత్తో పట్టుకుని పడవెక్కినవి మూడే. ఇంటి దస్తావేజులు, బ్యాంకు పాసుపుస్తకాలు, గట్టి అట్ట వేసిన పాత నోటుపుస్తకం ఒకటి. మిగతావన్నీ అమ్మ సర్దింది. మందులు, బట్టలు, దేవుడి పటాలు, పది రోజులకి సరిపడా బియ్యం.

మాది పి.గన్నవరం దగ్గర ఒక లంక. ఏటిగట్టుకీ గోదావరికీ మధ్యన ఉన్న ఊరు. వరద మాకు కొత్తేం కాదు. వాకిట్లోకి వస్తుంది, రెండు రోజులుంటుంది, ఒండ్రు వదిలి వెళ్లిపోతుంది. ఆ ఒండ్రు మీదే మా అరటి తోటలు, కంద చేలు బతుకుతాయి. నాన్నగారు ఇరిగేషన్‌లో ముప్పై మూడేళ్లు పనిచేశారు. ధవళేశ్వరం దగ్గర ఎన్ని లక్షల క్యూసెక్కులు వదిలారో చెబితే చాలు, మర్నాటికి మా ఇంటి మెట్లు ఎన్ని మునుగుతాయో చెప్పేస్తారు. గొడ్లని గట్టెక్కించాలా వద్దా అని ఊళ్లోవాళ్లు ఆయన్నే అడుగుతారు.

ఆ జూలైలో కూడా లెక్క వేశారు. రెండో ప్రమాద హెచ్చరిక వచ్చిన రాత్రే యాంప్లిఫయరూ స్పీకర్లూ అటక ఎక్కించారు. టేకు బీరువా కింది రెండు అరల నిండా సీడీలున్నాయి. అక్కడిదాకా నీళ్లు రావనుకున్నారు. 2020 ఆగస్టు వరదకి ఆఖరి మెట్టు దగ్గర ఆగిపోయింది, ఈసారి ఇంకొంచెం పెరిగినా గడప దాటదని ఆయన అంచనా. ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటింది. మా గదిలో మోకాలి లోతు నీళ్లు మూడు రోజులు నిలబడ్డాయి.

దారి తెరుచుకోగానే నేను హైదరాబాద్ నుంచి వచ్చాను. గోడల మీద గోధుమ రంగు గీత, ఇల్లంతా ఒండ్రు వాసన. నాన్నగారు వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. బీరువా వైపు చూపించి, "నా లెక్క తప్పిందమ్మా" అన్నారు. అంతకంటే ఇంకేం మాట్లాడలేదు. ఆయన నోట ఆ మాట నేను అంతకు ముందెప్పుడూ వినలేదు.

సీడీలు మొత్తం 286. ప్లాస్టిక్ పెట్టెలు తెరుస్తుంటే ఒక్కోదాంట్లోంచి చెంచాడు గోదావరి కారింది. లోపలి కాగితాలు ఉబ్బిపోయి, పాటల పేర్లన్నీ ఒకదాంట్లోకి ఒకటి కలిసిపోయాయి.

ఆ నోటుపుస్తకం గురించి చెప్పాలి. ఇంజనీరింగ్ డిపార్టుమెంట్లలో ఎం-బుక్ అని ఒకటుంటుంది. మెజర్‌మెంట్ బుక్కు. ఎంత మట్టి తీశారు, ఎంత రాయి పేర్చారు, గట్టు ఎంత పొడవున బాగుచేశారు, అన్నీ అందులో ఎక్కించాలి. దాంట్లో ఇష్టమొచ్చినట్టు కొట్టివేతలు పనికిరావు. తప్పు రాస్తే రబ్బరుతో చెరపకూడదు, కాగితం చింపకూడదు. తప్పు మీద ఒక్క గీత గీసి, పక్కన సరైనది రాసి, రాసినవాళ్లు సంతకం చేసి తారీఖు వెయ్యాలి. ఆ అలవాటుతోనే నాన్నగారు సీడీలకి కూడా అలాంటి పుస్తకం ఒకటి పెట్టారు. వరస నంబరు, కొన్న తేదీ, ఊరు, ధర, డిస్కు వివరం, ఆఖరి గడిలో రిమార్కులు. మొదటి పేజీలో మొదటి ఎంట్రీ 1998 నాటిది.

అప్పుడు నేను అమలాపురంలో డిగ్రీ చదువుతున్నాను. కాలువ పక్కన క్వార్టర్సులో ఉండేవాళ్లం. కార్తీకంలో ఉదయాన్నే కాలువ మీద మంచు, అవతలి గట్టు కనపడేది కాదు. ఇంట్లో టేప్‌రికార్డరు ఉండేది, దానికంటే ముందు రేడియో. విజయవాడ స్టేషన్ భక్తిరంజని అయ్యేదాకా నాన్నగారు ఎవరితోనూ మాట్లాడేవారు కాదు. ఎరియర్స్ డబ్బు చేతికొచ్చిన నెలలో రాజమండ్రి వెళ్లి సీడీ ప్లేయరు, ఒక యాంప్లిఫయరు, రెండు స్పీకర్లు తెచ్చారు. వాటితో పాటు ఒకే ఒక్క సీడీ. ఇంకోటి కొనడానికి డబ్బు మిగల్లేదు.

మొదటిసారి పెట్టిన సాయంత్రం నాకు ఇప్పటికీ కళ్లకి కట్టినట్టుంది. క్యాసెట్టు అయితే పాటకి ముందే బుస్సుమని శబ్దం వస్తుంది, పాట రాబోతోందని దాన్నిబట్టే తెలిసేది. ఇందులో అదేం లేదు. ట్రే లోపలికి వెళ్లింది, అంకెలు వెలిగాయి, గదిలో నిశ్శబ్దం. కనెక్షన్ ఇవ్వలేదేమోనని నాన్నగారు స్పీకరు మీద చెయ్యి పెట్టి చూశారు. ఆ చెయ్యి అక్కడుండగానే తంబూర మొదలైంది. ఉలిక్కిపడి చెయ్యి తీశారు, మళ్లీ అక్కడే పెట్టారు. ఆ మొదటి పాట అయ్యేదాకా చెయ్యి తియ్యలేదు.

ఆ తర్వాత నెలకొకటి. రెండు వందలు పెట్టి సీడీ కొంటే అమ్మకి కోపం వచ్చేది, పాట మొదలయ్యాక తగ్గేది. డిపార్టుమెంటు పని మీద ఏ ఊరు వెళ్లినా తిరిగొచ్చేటప్పుడు చొక్కా లోపల, బనీనుకి ఆనించి ఒక సీడీ ఉండేది. కాకినాడ నుంచి వస్తే కోటిపల్లి రేవులో పంటు ఎక్కి ముక్తేశ్వరంలో దిగేవారు. పంటు మీద నీళ్లు చిందుతాయని చొక్కా గుండీలన్నీ పెట్టుకునేవారు.

ఆయనకి వీణంటే ప్రాణం. ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రి, ఆయన శిష్యుడు కాకినాడ చిట్టిబాబు, వీళ్లిద్దరి గురించి మొదలుపెడితే అన్నం చల్లారిపోవాల్సిందే. గాత్రమైతే బాలమురళి. రాజోలు వైపు వెళ్లినప్పుడల్లా, "శంకరగుప్తం ఇటేనమ్మా, బాలమురళి పుట్టిన ఊరు" అని చెప్పేవారు. ఎన్నిసార్లు చెప్పినా మొదటిసారి చెబుతున్నట్టే చెప్పేవారు.

పదిహేడో నంబరు వీణ సీడీ. దాన్ని పాడుచేసింది నేను.

1999 వేసవి. కాలువలు కట్టేసిన రోజులు. కాలువ అడుగున ఇసుక తేలి, గాలికి క్వార్టర్సులోకి కొట్టేది. నేను ట్రేలోంచి డిస్కు తీసి, ఫోనో ఏదో మోగితే, పెట్టెలో పెట్టకుండా గచ్చు మీద పెట్టి వెళ్లాను. తిరిగొచ్చేటప్పుడు కాలు తగిలి అది ఇసుక మీద జరిగింది. చిన్న చప్పుడు. ఎత్తి చూస్తే అడుగువైపు వంపుగా ఒక గీత. ఆ సాయంత్రం నాన్నగారు పెట్టారు. నాలుగో ట్రాకులో ఆరు నిమిషాల పది సెకన్ల దగ్గర వీణ గెంతి, పద్నాలుగు సెకన్లు దాటి అవతల పడింది. నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. ఆయన నా వైపు చూడలేదు. పుస్తకం తీసి, పదిహేడో నంబరు ఎదురుగా రిమార్కుల గడిలో ఇలా రాశారు: "4వ ట్రాకు, 6.10 వద్ద గీత. 14 సెకన్లు లేవు." కింద సంతకం, తేదీ. తిట్టి ఉంటే ఆ రోజుతో పోయేది. ఆ గడి మాత్రం నాకు ఇరవై మూడేళ్లు అలాగే ఉండిపోయింది.

ఆ సీడీ పెట్టడం మాత్రం మానలేదు. మా ఇంట్లో అందరికీ ఆ గెంతు అలవాటైపోయింది. అమ్మ వంటింట్లో ఆ రాగం కూనిరాగం తీస్తే తనూ అక్కడే గెంతేది. తమ్ముడు ఈల వేసినా అంతే. అసలు పాటే అలా ఉంటుందన్నంతగా స్థిరపడిపోయింది.

సరే, వరద తర్వాతకి వస్తాను. ఒండ్రు చూడ్డానికి మెత్తగా ఉంటుంది కానీ అందులో సన్నటి ఇసుక ఉంటుంది. పొడిగుడ్డతో తుడిస్తే ఆ ఇసుకే డిస్కుని గీసేస్తుంది. అందుకని ముందు గంగాళంలో బోరు నీళ్లు పోసి, ఒక్కో డిస్కునీ అందులో ముంచి, చెయ్యి తగలకుండా ఒండ్రు దానంతట అదే వదిలేదాకా ఊపాను. తర్వాత గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసిన నీళ్లు. మళ్లీ మంచి నీళ్లు. ఆరబెట్టడానికి అమ్మ స్టీలు కంచాల స్టాండు ఇచ్చింది. కంచాల బదులు సీడీలు వరసగా నిలబడ్డాయి, వాకిట్లో నీడలో. ఎండ తగలనివ్వలేదు.

తుడవడానికి నాన్నగారి పాత పంచె చింపుకున్నాం. నడిమి చిల్లు నుంచి అంచుకి, ఆకు ఈనెల్లాగా, తిన్నగా తుడవాలి. గుండ్రంగా తుడవకూడదు. దానికి కారణం ఉంది. సీడీ మీద పాట గుండ్రంగా, లోపల్నుంచి బయటికి చుట్టుకుంటూ పోయే ఒకే ఒక్క గీతగా ఉంటుంది. ఆ గీతల మధ్య దూరం మిల్లీమీటరులో ఆరువందలో వంతు. పాటని అందులో వరసగా రాయరు, ముక్కలు ముక్కలు చేసి అటూ ఇటూ చల్లి రాస్తారు, సరిచూసుకోవడానికి అదనంగా కొన్ని అంకెలు చేరుస్తారు. అందుకే గీతకి అడ్డంగా చిన్న గాటు పడితే, పోయిన ముక్కల్ని మిగిలినవాటి నుంచి ప్లేయరు లెక్కగట్టుకుంటుంది. అలా వరసగా రెండున్నర మిల్లీమీటర్ల దాకా పోయినా పూర్తిగా తిరిగి తెచ్చుకోగలదు. గాటు పాట వెంబడే వెళ్తే మాత్రం, చల్లిన ముక్కలన్నీ ఒకేసారి పోతాయి. 17వ నంబరుకి పడింది అలాంటి వంపు గీతే.

అసలు ప్రమాదం అడుగువైపు కంటే బొమ్మ ఉన్న వైపే ఎక్కువ. ఈ సంగతి చాలామందికి తెలీదు. అడుగున మిల్లీమీటరు పైగా మందం ప్లాస్టిక్ ఉంటుంది, గీతలు పడినా సానపట్టవచ్చు. పైన మాత్రం అల్యూమినియం పొర, దాని మీద పల్చటి లక్క పూత, దాని మీద బొమ్మ. అంతే. నాలుగైదు డిస్కులకి తడిసిన కాగితం బొమ్మవైపు అతుక్కుపోయింది. మొదటిదాన్ని నేను తెలీక లాగాను. కాగితంతో పాటు వెండి పొర లేచి వచ్చేసింది. డిస్కుని ఆకాశంకేసి పట్టుకుంటే అవతలి కొబ్బరిమట్ట కనిపించింది. ఇంక అక్కడ పాట లేదు. ఏ యంత్రమూ చదవలేదు. మిగతా వాటిని రాత్రంతా నీళ్లలో నాననిచ్చి, కాగితం గుజ్జయ్యాక మెల్లగా తోశాను. అవి బతికాయి. మొత్తం మీద పదకొండు డిస్కులు పోయాయి. వాటిలో ఎక్కువ, మా పెద్దనాన్నగారి అబ్బాయి కచేరీలు రికార్డు చేసి ఇంట్లో రాసిచ్చినవి. రాసుకునే డిస్కుల్లో పాట ఉండేది రంగు పొరలో. ఎండకీ తేమకీ ఆ రంగు వెలిసిపోతే అయిపోయినట్టే. కొన్ని వరదకి ముందే పోయి ఉంటాయి, మేం చూసుకోలేదు. ఆ కచేరీలకి ఇంకో కాపీ లేదు.

ఆ బాధలోనే నిర్ణయం అయిపోయింది. మిగిలిన 275 సీడీల్నీ ఒక్క అంకె కూడా తగ్గకుండా కంప్యూటర్లోకి ఎక్కించాలని.

దసరాకి సామాను వేసుకుని వచ్చాను. నా ల్యాప్‌టాప్‌కి సీడీ పెట్టే చోటే లేదు. బయట తగిలించే డ్రైవ్ ఒకటి కొన్నాను, అది కాక ఇంట్లో మూలపడి ఉన్న పాత డెస్క్‌టాప్‌ని కూడా కారులో వేసుకొచ్చాను. రెండు డ్రైవ్‌లు ఎందుకో తర్వాత చెబుతాను.

"అవన్నీ ఆన్‌లైన్‌లో ఉన్నాయి కదా, ఇంత శ్రమ దేనికి?" అని మా ఆయన అడిగారు. కొన్ని ఉన్నాయి. చాలా లేవు. చిన్న చిన్న కంపెనీలు వేసిన డిస్కులు, సభలవాళ్లు వేయించుకున్నవి ఎక్కడా దొరకవు. ఉన్నవాటిలో కూడా ఏది ఏ రికార్డింగో తెలీదు. "పోనీ ఎంపీత్రీ చేసేద్దాం అమ్మా, తొందరగా అయిపోతుంది" అన్నాడు మా అబ్బాయి. వాడికి కాగితం మీద లెక్క వేసి చూపించాను. సీడీలో సెకనుకి 44,100 సార్లు ధ్వనిని కొలిచి రాస్తారు. ఎడమకి ఒకటి, కుడికి ఒకటి, ఒక్కో కొలతకి రెండు బైట్లు. సెకనుకి 1,76,400 బైట్లు. గంట పాటకి 635 ఎంబీ. బస్టాండు బయట ఒక్క డిస్కులో నూట యాభై పాటలని అమ్మేవాళ్లే, ఆ ఎంపీత్రీల్లో సెకనుకి 128 కిలోబిట్ల దగ్గర కుదించినవాటిలో మిగిలేది దీంట్లో పదకొండో వంతు. పోయింది పోయినట్టే, మళ్లీ పెద్ద ఫైలుగా మార్చినా తిరిగి రాదు. ఫ్లాక్ అని ఇంకో రకం ఫైలుంది, అది అలా కాదు. అదీ కుదిస్తుంది, సైజు సగానికో మూడింట రెండొంతులకో తగ్గుతుంది, కానీ విప్పితే ఒక్క అంకె తేడా లేకుండా మొదటిదే వస్తుంది. బియ్యం గోనెలో కుదించి కట్టడానికీ, నూక చేసి కట్టడానికీ ఉన్నంత తేడా. తాతగారి పక్కన కూర్చున్న మా వాడు ఆ పోలిక వినగానే ఒప్పుకున్నాడు.

వాడింది ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే ప్రోగ్రాం. మామూలు ప్లేయరు, చదవలేని చోట అటూ ఇటూ చూసి ఉజ్జాయింపుగా పూరించి ముందుకి పోతుంది, మనకి చెప్పదు. ఇది పోదు. సెకనులో 75వ వంతు ఉండే ఒక్కో ముక్కనీ కనీసం రెండుసార్లు చదివి, రెండూ ఒకటేనా అని చూస్తుంది. తేడా వస్తే ఆగి, అదే ముక్కని పదుల సార్లు చదువుతుంది. అప్పటికీ కుదరకపోతే, ఏ పాటలో ఎక్కడ అనుమానమో రిపోర్టులో రాసి పెడుతుంది. ఆ రిపోర్టు చూసి నాన్నగారు చాలా సంతోషపడ్డారు. "ఇది ఎం-బుక్కేనమ్మా" అన్నారు.

యాక్యురేట్‌రిప్ అని ఇంకో సదుపాయం ఉంది. అదే సీడీని ప్రపంచంలో ఇంకెవరైనా ఎక్కించి ఉంటే, వాళ్లకి వచ్చిన లెక్కతో మన లెక్క పోల్చి చెబుతుంది. ఇంగ్లీషు, హిందీ డిస్కులకి బాగానే పనికొచ్చింది. మా తెలుగు డిస్కులకి, వీణ డిస్కులకి చాలావాటికి ఆ జాబితాలో ఎవరూ లేరు. అందుకే రెండో డ్రైవ్. ఒకదాంట్లో ఎక్కించి, మళ్లీ రెండోదాంట్లో ఎక్కించి, రెండింటి లెక్కా కలిస్తే సరైనదని నమ్మాం. ఇద్దరు మనుషులు విడివిడిగా టేపు పట్టుకుని గట్టు కొలిచినట్టు. బాగున్న డిస్కు ఏడెనిమిది నిమిషాల్లో అయ్యేది, గీతలున్నది పూట పట్టేది. మధ్యలో కరెంటు పోతే ఇన్వర్టరు ఉన్నా నాకు టెన్షనే.

ఏ వరసలో చెయ్యాలో నాన్నగారు ముందే చెప్పారు. పుస్తకంలో ఉన్న వరసలో. నాకు తోచినట్టు తీస్తానంటే ఒప్పుకోలేదు. అలా చేయడం వల్లే నాకు ఒక సంగతి తెలిసింది. ఆ పుస్తకం చదువుతూ పోతే మా ఇంటి ఇరవై ఏళ్లు కనబడతాయి. తమ్ముడి ఇంజనీరింగ్ ఫీజులు కట్టిన ఏడాది మొత్తం మీద రెండే ఎంట్రీలు. నా పెళ్లయిన ఏడాది ఒక్కటీ లేదు. అమ్మకి ఆపరేషనయిన నెలలో మాత్రం ఒకేసారి నాలుగు. ఆ గడి చూపించి అడిగితే, "ఆసుపత్రిలోంచి వచ్చాక మీ అమ్మ వింటుందని" అన్నారు.

పాటల పేర్లు నింపడం అసలు పని. ఇంటర్నెట్‌లోంచి పేర్లు వాటంతట అవే వస్తాయంటారు కానీ, మావాటికి కొన్నిటికి వేరే భాష పేర్లొచ్చాయి, చాలావాటికి "ట్రాక్ 01, ట్రాక్ 02" అనే వచ్చింది. కవర్ల మీద అక్షరాలా, గోదావరి తీసుకుపోయింది. అప్పుడు నాన్నగారు పడక్కుర్చీలో కూర్చుని, పాట మొదలవగానే చెప్పడం మొదలుపెట్టారు. కృతి, రాగం, తాళం, రచన ఎవరిది. నేను తెలుగులోనే టైపు చేశాను. ఫ్లాక్ ఫైల్లో తెలుగు అక్షరాలు నిక్షేపంగా నిలుస్తాయి, మా కారు స్టీరియోలో మాత్రం డబ్బాలు డబ్బాలుగా కనపడతాయి. కనపడనీ, ఇంగ్లీషులో రాసేది లేదనుకున్నాను.

రాగం పేరుతో ఆగితే ఒప్పుకునేవారు కాదు. "మృదంగం ఎవరో రాయి. వయొలిన్ ఎవరో రాయి. వాళ్లు మాత్రం వాయించలేదా?" అనేవారు. కవరు మీద పక్కవాద్యాల పేర్లు చిన్న అక్షరాల్లో వేసేవారు, అవి కూడా ఆయనకి గుర్తున్నాయి. గుర్తు రానివి నాలుగో ఐదో. వాటి దగ్గర ఖాళీ వదిలేయమన్నారు, ఊహించి రాయొద్దన్నారు. పగలు పది, పన్నెండు డిస్కులు. మధ్యాహ్నం ఆయన కునుకు తీసినప్పుడు నేను కింది గంగాళం దగ్గర ఇంకొన్ని కడిగేదాన్ని.

అలా దసరా సెలవులు, దీపావళి, కార్తీకంలో రెండు శనాదివారాలు, సంక్రాంతి. సంక్రాంతికి 274 పూర్తయ్యాయి. మొత్తం కలిపి 97 జీబీ. బీరువాలో రెండు అరల సరుకు గోరంత కార్డులో పట్టింది. కాపీలు మూడు చేశాం. ఒకటి ఇక్కడ, ఒకటి నా దగ్గర హైదరాబాద్‌లో, ఒకటి తమ్ముడి దగ్గర విశాఖపట్నంలో. "మూడిటినీ ముంచే ఏరు ఎక్కడా లేదు" అన్నారు నాన్నగారు.

మిగిలింది పదిహేడో నంబరు.

దసరాకే దాన్ని మొదటిసారి పెట్టాను. బయటి డ్రైవ్ ఆ చోటికి రాగానే గరగరమని రెండు గంటలు పెనుగులాడి వదిలేసింది. పాత డెస్క్‌టాప్ డ్రైవ్ కాస్త ముందుకి వెళ్లింది, కానీ రిపోర్టులో అనుమానాలు వరసకట్టి వచ్చాయి. పక్కన పెట్టేశాను. ప్రతిసారీ వచ్చినప్పుడు ఒకసారి పెట్టడం, ఓడిపోవడం. పద్నాలుగు సెకన్లంటే ఆ డిస్కు మీద ఎంత వెడల్పో ఒక రాత్రి లెక్క వేశాను. ఇంచుమించు తలవెంట్రుక మందం. అంతే.

కనుమ నాడు మగవాళ్లందరూ జగ్గన్నతోట ప్రభల తీర్థానికి, అదే, అలంకరించిన ప్రభలు మోసుకెళ్లే జాతరకి వెళ్లారు. నాన్నగారు మోకాళ్ల నొప్పులని ఉండిపోయారు. అప్పుడు అడిగాను, అడుగువైపు సానపట్టనా అని. మిగతా పాటలన్నీ అప్పటికే సరిగ్గా ఎక్కాయి కాబట్టి, పోతే ఆ ఒక్కటే పోతుంది. ఆయన కాసేపు ఆలోచించి "కానీ" అన్నారు. తెల్ల టూత్‌పేస్టు బఠాణీ గింజంత తీసుకుని, తడి పంచె ముక్కతో, ఆ గీత ఉన్నచోట మాత్రమే, నడిమి నుంచి అంచుకి. యాభై సార్లు. కడిగి, వెలుగుకి పట్టి చూడ్డం. మళ్లీ యాభై. మూడోసారి కడిగాక గీత అంచులు మొద్దుబారి, వెలుగు దాని మీద విరగడం తగ్గింది. పాత డ్రైవ్‌లో పెట్టి, వేగం బాగా తగ్గించి, ఇద్దరం కూర్చున్నాం.

ఆరు నిమిషాల పది సెకన్ల దగ్గర తెర మీద తప్పుల్ని చూపే ఎర్ర గళ్లు వెలిగాయి. ఒకటి, రెండు, ఐదు. అక్కడే ఆగింది. బయట ఎవరి ప్రభ తాలూకు డప్పులో దూరంగా వినిపిస్తున్నాయి. మూడు గంటల పైన పట్టింది. రిపోర్టులో నాలుగో ట్రాకు ఎదురుగా అనుమానాలు ఏమీ లేవని వచ్చింది. నేను నమ్మక మళ్లీ ఎక్కించాను. రాత్రి పదకొండుకి రెండో లెక్క వచ్చింది. రెండూ కలిశాయి.

మర్నాడు ఉదయం యాంప్లిఫయరుకి తగిలించి నాలుగో ట్రాకు పెట్టాను. ముందుకి జరపొద్దన్నారు, మొదట్నుంచి విన్నాం. ఐదు నిమిషాలు దాటాక ఎవరం కదల్లేదు. ఆ చోటు వచ్చింది. వీణ గెంతలేదు. మంద్ర స్థాయికి దిగింది. దిగి, ఒక్క స్వరం మీద నిలబడి, తీగని మెల్లగా లాగుతూ వదులుతూ ఉండిపోయింది. మృదంగం చెయ్యి తీసేసింది. పూర్తిగా నిశ్శబ్దం, ఆ ఒక్క తీగ తప్ప. తర్వాత రెండూ కలిసి పైకి లేచాయి. మాకు ఇన్నేళ్లుగా తెలిసిన చోటు అక్కడ మొదలైంది. మృదంగం ఉన్నట్టుండి అంత గట్టిగా ఎందుకు పడుతుందో మాకెప్పుడూ అర్థమయ్యేది కాదు. అది అంతసేపు ఆగి ఉండబట్టి అలా పడింది.

వంటింట్లోంచి అమ్మ చేతులు తుడుచుకుంటూ గుమ్మం దగ్గరికి వచ్చింది. "ఏంటీ, గెంతలేదే?" అంది.

నాన్నగారు జవాబు చెప్పలేదు. కళ్లద్దాలు తీసి పంచెతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, "ఇంకోసారి పెట్టు" అన్నారు. మళ్లీ మొదట్నుంచి పెట్టాను. ఈసారి ఆ చోట ఆయన చెయ్యి తాళం వెయ్యడం ఆపింది, మృదంగంతో పాటే ఆగి, మృదంగంతో పాటే పడింది.

పాట అయ్యాక పుస్తకం తెమ్మన్నారు. మొదటి పేజీకే తిప్పి, పదిహేడో నంబరు ఎదురుగా ఉన్న రిమార్కు మీద స్కేలు పెట్టి ఒక్క గీత గీశారు. పక్కన ఉన్న కొంచెం చోటులో, చిన్న అక్షరాలతో, "14 సెకన్లు వచ్చినవి" అని రాశారు. రాసి, పెన్ను నా చేతిలో పెట్టారు.

"మీరే పెట్టండి నాన్నగారూ" అన్నాను.

"కొలిచినవాళ్లే సంతకం పెట్టాలమ్మా" అన్నారు.

సంతకం పెట్టి, కింద తారీఖు వేశాను. ముక్కనుమ, 2023.